కన్ను సరే, లెక్క ఎవరు నేర్పుతారు?

“ఫోటోగ్రఫీకి చదువేమిటండీ? కన్నుండాలి, కెమెరా ఉండాలి. మిగతాదంతా యూట్యూబ్‌లో ఉంది.” ఈ మాట ఇప్పుడు అనని వాళ్లు లేరు. ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం దొరక్క కెమెరా పట్టిన కుర్రాడు అంటాడు. ఎన్నో ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న పెద్దాయన అంటాడు. కొడుకు ఫోటోగ్రఫీ చదువుతానంటే తల పట్టుకునే తండ్రి కూడా అంటాడు. ఎవరి కారణం వాళ్లది. కుర్రాడికి ఫీజు మిగులుతుంది. పెద్దాయనకి తను పడ్డ పాట్ల మీద గౌరవం మిగులుతుంది. తండ్రికి కొడుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి పంపడానికి సాకు దొరుకుతుంది. ముగ్గురికీ ఇంత అనువుగా కుదిరింది కాబట్టే ఆ మాటని ఎవరూ గీటురాయి మీద పెట్టి చూడలేదు.

చూడాల్సిన సమయం వచ్చింది. ఎందుకంటే ఈ మాట నమ్మి ఏటా బోలెడు మంది అప్పుచేసి కెమెరాలు కొంటున్నారు, రెండు మూడు సీజన్లు తిరిగేసరికి సగం ధరకి అమ్ముకుంటున్నారు. ఏ ఊళ్లో సెకండ్ హ్యాండ్ కెమెరాల వాట్సాప్ గ్రూపు తెరిచినా “అర్జెంట్ సేల్, డబ్బు అవసరం” అన్న పోస్టులే. అలా అమ్ముకున్న వాళ్లందరికీ కన్ను లేదనుకోను. కొందరి పని నేను చూశాను, కన్నుంది. లేనిది వేరే.

ముందు మన పెళ్లి మండపాన్నే తీసుకుందాం. తెలుగునాట ఈ వృత్తికి అన్నం పెడుతున్నది ప్రధానంగా అదే. అక్కడ మంత్రం చెప్పే పురోహితుడు వేదపాఠశాలలోనో తండ్రి దగ్గరో ఏళ్లపాటు సంత చెప్పుకున్నవాడు. సన్నాయి పట్టినాయన గురువుగారింట్లో చాకిరీ చేసి స్వరం పట్టినవాడు. ఆ విద్యకి తిరుపతిలో దేవస్థానం ఒక బడే నడుపుతోంది. వంటమేస్త్రి దగ్గర ఉల్లిపాయలు తరిగే కుర్రాడికి గరిటె చేతికి రావడానికి ఎన్ని పెళ్లిళ్లు పడతాయో అడిగి చూడండి. ఒక్క ఫోటోగ్రాఫర్ని మాత్రం ఎక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగరు. పోయిన నెల ఈఎంఐలో కెమెరా తెచ్చుకున్నవాడైనా పర్వాలేదు. తీరా చూస్తే ఆ రోజు జరిగిన పనులన్నిటిలో ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ ఇంట్లో మిగిలేది ఇతను చేసినదే.

చదువు అక్కర్లేదనే వాళ్లు మొదట తెచ్చే సాక్షి రఘు రాయ్. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు, ఏ ఫోటోగ్రఫీ కాలేజీ గడపా తొక్కనివాడు, 1977లో మాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల సంస్థలో చేరిన భారతీయుడు. నిజమే. కానీ ఆయన అన్న ఎస్. పాల్ అప్పటికే పేరున్న ఫోటోగ్రాఫర్ అన్న సంగతి ఈ కథ చెప్పేవాళ్లు మింగేస్తారు. ఇంట్లోనే గురువున్నాడు. 1966లో ‘స్టేట్స్‌మన్’ పత్రికలో చేరాక రోజూ ఫోటో తెచ్చి డెస్కు మీద పెట్టడం, ఏది పనికొస్తుందో ఏది రాదో ఎడిటర్లు మొహమాటం లేకుండా చెప్పడం. అది బడి కాకపోతే మరేమిటి? హెన్రీ కార్టియర్ బ్రెసాన్‌ని కూడా ఇలాగే సహజ ప్రతిభ లెక్కలో వేస్తారు. ఆయన కెమెరాని సీరియస్‌గా పట్టకముందు పారిస్‌లో ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నవాడు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చదివింది. దయానితా సింగ్ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో చదివి, తర్వాత న్యూయార్క్‌లో మళ్లీ చదివింది. సొంతంగా నేర్చుకున్నారని మనం చెప్పుకునే చాలామంది వెనక ఎవరో ఒకరు కూర్చుని దిద్దినవాళ్లున్నారు.

మన గడ్డ మీద వెలిగిన మనిషి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పగానే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానం, వేట ఫోటోలు, రాజమహళ్లు గుర్తొస్తాయి. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్ ప్రజాపనుల శాఖలో ఉద్యోగంలో చేరాడు. ఫోటోలు తీయడం 1870ల మధ్యలో సరదాగా మొదలుపెట్టాడు. చదువు అక్కర్లేదనే వాళ్లు ఇక్కడ చప్పట్లు కొడతారు. ఆగండి. ఆ శాఖలో ఆయన చేసిన పనేమిటి? హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. అంటే ఒక కట్టడానికి ఎంత ఖర్చవుతుందో కాగితం మీద ముందే తేల్చడం, ఆ కట్టడాన్ని కొలతలతో గీయడం. కెమెరా చేతికి రాకముందే ఆయనకి అంచనా కట్టడమూ వచ్చు, గీత గీయడమూ వచ్చు.

ఆ చదువు తర్వాత ఎలా పనికొచ్చిందో చూడండి. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు; దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. పరదాలో ఉండే సంపన్న కుటుంబాల స్త్రీలు మగ ఫోటోగ్రాఫర్ ముందుకి రారు. ఆ గిరాకీ మగ ఫోటోగ్రాఫర్లకి దక్కేది కాదు. కెమెరా బాగా పట్టడం వేరు, ఎవరు ఎందుకు రాలేకపోతున్నారో గమనించి వాళ్లకో తలుపు తెరవడం వేరు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో, 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్‌గా నియామకం. నెగెటివ్‌లకి నంబర్లు వేయించి భద్రపరిచాడు. అందుకే ఆయన సంస్థ గాజు నెగెటివ్‌లు రెండువేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి, ఈ రోజుకీ చూడగలుగుతున్నాం. పోయిన ఏడాది తీసిన పెళ్లి ఫైళ్లు ఏ హార్డ్ డిస్కులో ఉన్నాయో వెతుక్కునే స్టూడియోలు ఈ ఒక్క ముక్క చదువుకున్నా చాలు.

దీన్‌దయాళ్‌కి ఎదురుగా మాథ్యూ బ్రాడీని నిలబెట్టి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అమెరికాలో 1850ల నాటికే బ్రాడీ అంత పేరున్న ఫోటోగ్రాఫర్ మరొకడు లేడు. లింకన్ ఫోటోలు తీసినవాడు. అంతర్యుద్ధం రాగానే మనుషుల్ని పెట్టి, బళ్లు కట్టించి, వేల గాజు పలకల మీద ఆ యుద్ధాన్ని తీయించాడు. దానికి లక్ష డాలర్ల దాకా పెట్టాడంటారు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం కొనుక్కుంటుందని ఆయన నమ్మకం. ముందుగా ఎవరితోనూ ఒప్పందం లేదు. యుద్ధం ముగిశాక శవాల ఫోటోలు చూడటానికి ఎవరికీ మనసు రాలేదు. 1875లో కాంగ్రెస్ 25 వేల డాలర్లు ఇచ్చేటప్పటికే అప్పులు ఆయన్ని ముంచేశాయి. 1896లో పేదరికంలో పోయాడు. కన్నుకి లోటా? అది పాతకాలం కథ అంటారేమో. మన కాలంలోనే, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పారితోషికం తీసుకునే ఫోటోగ్రాఫర్లలో ఒకరైన ఆనీ లీబోవిట్జ్ 2.4 కోట్ల డాలర్ల అప్పు కోసం తన ఫోటోల హక్కుల్నే తాకట్టు పెట్టి, 2009లో కోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. ప్రతిభ ఉంటే డబ్బు దానంతటదే సర్దుకుంటుందని ఇంకా అనేవాళ్లు ఈ ఇద్దరి సంగతీ ఏమంటారో చెప్పాలి.

ఇక యూట్యూబ్. కెమెరా మీటలు, లెన్సు కొలతలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అక్కడ నేర్చుకోవచ్చు. అది పెద్ద మేలే. పూర్వం ఒక మెళకువ కోసం స్టూడియో యజమాని చుట్టూ ఏళ్లు తిరిగిన వాళ్లకి తెలుస్తుంది దాని విలువ. కాకపోతే వీడియోకి నోరుంది, కళ్లు లేవు. నువ్వు తీసిన ఫోటో దానికి కనపడదు. నీ తప్పు నీదేనని అది చెప్పలేదు. పైగా ఏ లెన్సు కొనాలో గంటసేపు చెప్పే మహానుభావుడికి ఆ లెన్సు అమ్మితే కమీషన్ వస్తుందని కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న లెన్సుతో ఎలా గడుపుకోవాలో చెప్పే వీడియోకి ఆ లాభం లేదు. అందుకే అలాంటివి అరుదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. జీలకర్ర బెల్లం వేళ. వెనక ఎల్ఈడీ వాల్, పైన డెకరేషన్ వాళ్లు కట్టిన చవక లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంటే గొడవ లేదు. క్యాండిడ్‌కి షట్టర్ వేగంగా ఉండాలని వీడియోలో విన్న కుర్రాడు 1/640 పెట్టుకుంటాడు. మంత్రాల మధ్య టకటక వినిపించకూడదని సైలెంట్ షట్టర్ కూడా వేసుకుంటాడు. ఆ రెండూ విడివిడిగా మంచి సలహాలే. వధూవరులు ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెట్టారు, అడ్డుతెర దిగింది, కుర్రాడు యాభై ఫ్రేములు కొట్టాడు. రాత్రి కంప్యూటర్లో వేసుకుంటే ప్రతి ఫ్రేములోనూ పెళ్లికూతురి ముఖం మీద అడ్డంగా నల్ల చారలు. ముహూర్తాన్ని వెనక్కి తిప్పలేం. ఖాళీ ఫంక్షన్ హాల్లో అవే లైట్లు వేయించి, ముందురోజే ఆ చారలు రప్పించి, పక్కన నిలబడి “ఇప్పుడు తగ్గించు, ఇప్పుడు చూడు” అనే మనిషి ఉంటే ఆ పాఠం ఒక సాయంత్రం. లేకపోతే దాని ఖరీదు ఒక ఆడపిల్ల పెళ్లి ఫోటోలు.

పాత రోజుల్లో ఆ మనిషి ఉండేవాడు. పదో తరగతి తప్పిన కుర్రాడిని స్టూడియోలో పెడితే మొదట ఊడవడం, తర్వాత డార్క్ రూమ్‌లో ట్రేలు కడగడం, తర్వాత నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్. రోల్‌కి 36 ఫ్రేములే. ఒక్కటి వృథా చేస్తే యజమాని చెవి మెలేసేవాడు. ఆ క్రూరత్వాన్ని నేను మెచ్చుకోను గానీ, తీసిన ప్రతి ఫ్రేముకీ జవాబు చెప్పాల్సి రావడం అనే పద్ధతి గొప్పది. డిజిటల్ వచ్చాక అది పోయింది. కుర్రాడు నాలుగువేల ఫ్రేములు కొడతాడు, యజమాని చూడడు, కార్డు తీసుకెళ్లి డిజైనర్ చేతిలో పెడతారు. డిజైనర్ ఆల్బమ్ షీట్ల మీద ఏదో సర్దేస్తాడు. తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు. “మేం కూడా స్టూడియోలో పనిచేస్తూనే నేర్చుకున్నాం” అనే పెద్దాయన తను నేర్చుకున్న బడి ఎప్పుడో మూతపడిందని గమనించడం లేదు.

ఆ బడి తెరిచి ఉన్న రోజుల్లోనూ అక్కడ ఒక పాఠం ఎప్పుడూ చెప్పలేదు. ఫిక్సర్ ఎంత కలపాలో చెప్పిన యజమాని గల్లాపెట్టె దగ్గరికి మాత్రం కుర్రాణ్ని రానివ్వలేదు. ధర ఎలా కట్టాడో, ల్యాబ్‌కి ఎంత ఇచ్చాడో, ఎవరు ఎంత బాకీయో చెప్పలేదు. ఆ కుర్రాడే తర్వాత సొంతంగా బోర్డు కట్టి, ధర కట్టడానికి తనకు తెలిసిన ఒకే పద్ధతి పాటించాడు: పక్క స్టూడియో వాడు ఎంత చెప్తే దానికి రెండువేలు తగ్గించడం. పక్కవాడు కూడా అదే పద్ధతిలో ఉన్నాడు. మన ఊళ్లలో ప్యాకేజీ ధరలు ఎలా తేలాయో అడిగితే దీన్ని మించిన జవాబు దొరకదు.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊరిని బట్టి మారతాయి, పద్ధతి మారదు. ఒక జిల్లా కేంద్రంలో పెళ్లి ప్యాకేజీ 80,000 అనుకుందాం. అందులో బయటి నుంచి పిలిచిన క్యాండిడ్ ఫోటోగ్రాఫర్‌కి 10,000, సినిమాటిక్ వీడియో తీసేవాడికి 12,000, ట్రెడిషనల్ వీడియోకి 5,000, డ్రోన్‌కి 6,000. ఆల్బమ్ ప్రింటింగ్ 12,000, డిజైనింగ్ 5,000, మిక్సింగ్ 8,000. కారు, తిండి, టీలు 4,000. మొత్తం 62,000. చేతిలో 18,000 మిగిలింది. చాలామంది లెక్క ఇక్కడే ఆపి, లాభం పద్దెనిమిది వేలని ఇంట్లో చెప్తారు.

షాపు అద్దె, కరెంటు కలిపి నెలకి 15,000. అసిస్టెంట్ జీతం 12,000. ఈ రెండూ ఆషాఢంలో ఆగవు, మూఢంలో ఆగవు. పెళ్లిళ్లు మాత్రం ఆగుతాయి. ఏడాదికి 40 పెళ్లిళ్లు దొరికితే గొప్ప. అంటే ఒక్కో పెళ్లి నెత్తిన అద్దె 4,500, జీతం 3,600 పడుతుంది. కెమెరాలు, లెన్సులు, లైట్లు అన్నీ కలిపి 5 లక్షలు, నాలుగేళ్లు పనిచేస్తాయనుకుంటే పెళ్లికి 3,125. హార్డ్ డిస్కులు, రిపేర్లు, బీమా కింద ఒక 1,500. ఈ నాలుగూ కలిపితే 12,725. పద్దెనిమిది వేలలో ఇక మిగిలింది 5,275. మాటలకి వెళ్లిన రోజు, షూటింగ్ రోజులు, ఫోటోలు ఏరిన రోజులు, “ఇందులో మా చిన్నత్త లేదేంటి బాబూ” అని ఆల్బమ్ తిప్పి పంపిన రోజులు కలిపి పన్నెండు రోజుల పని. రోజుకి 440 రూపాయలు. ఆ డబ్బుకి ఊళ్లో తాపీమేస్త్రి తాపీ ముట్టుకోడు.

ఇంకా అయిపోలేదు. ఎనభై వేల చొప్పున 40 పెళ్లిళ్లంటే ఏడాదికి 32 లక్షల టర్నోవర్. సేవలకి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. మామూలు దారిలో వెళ్తే ఫోటోగ్రఫీ సేవ మీద 18 శాతం. ముందు చెప్పకుండా ప్యాకేజీలో కలిపేసుకుంటే ఎనభై వేలలోంచి పన్నెండు వేల పైచిలుకు పోతుంది, కొన్నవాటి మీద కట్టిన పన్ను కొంత వెనక్కి వచ్చినా లెక్క పూడదు. 50 లక్షల లోపు వాళ్లకి కంపోజిషన్ పథకం ఉంది, 6 శాతం. దాన్ని కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, సొంత జేబులోంచే కట్టాలి. అంటే 4,800. మిగిలిన 5,275లోంచి అది తీసేస్తే 475 రూపాయలు. ఆ స్థితిలో పెళ్లికూతురి బాబాయి భుజం మీద చెయ్యేసి, “చివర్లో ఓ ఐదువేలు తగ్గించుకో తమ్ముడూ, ఇంకా ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లవీ నీకే” అంటాడు. తమ్ముడు మొహమాటానికి తగ్గిస్తాడు. సొంత డబ్బు ఎదురుపెట్టి పెళ్లి చేసిపెట్టాడన్నమాట, అదీ తనకి తెలియకుండా.

ఇందులో కళకి సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు. ఏడో తరగతి లెక్కలు. అయినా ఫోటోగ్రఫీ పేరుతో జరిగే ఏ వర్క్‌షాప్‌లోనూ ఈ పట్టిక బోర్డు మీద వేయగా నేను చూడలేదు. తరుగుదల అంటే ఏమిటో తెలియనివాడు నాలుగేళ్లకి కెమెరా పాడైతే దాన్ని దురదృష్టం అంటాడు.

చట్టం దగ్గర యూట్యూబ్ మరీ ప్రమాదం. అక్కడ “నువ్వు తీసిన ఫోటో మీద కాపీరైట్ నీదే” అని ఘంటాపథంగా చెప్పే వీడియోలు కొల్లలు. చెప్పేవాడు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటాడు. అక్కడ సాధారణంగా అది నిజమే. మన 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ వేరే మాట చెప్తుంది. ఎవరైనా డబ్బిచ్చి, అడిగి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్న మనిషే. అంటే నీ చేత పెళ్లి తీయించుకున్న కుటుంబానిది. ఆ పెళ్లికూతురి ఫోటోని స్టూడియో ఫ్లెక్సీ మీద వేసుకున్నా, చీరల కొట్టువాడికి అమ్ముకున్నా అది వాళ్ల సొత్తు వాడుకున్నట్టే. తీసినవాడిగా పేరు చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగులుతుంది. అంతకుమించి కావాలంటే ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం రాయాలని తెలియకపోవడమే సమస్య.

డ్రోన్ సంగతి కూడా అంతే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. బరాతు మీద ఎగిరే డ్రోన్ కింద పడి ఎవరి తలైనా పగిలితే కేసు కూలికొచ్చిన కుర్రాడి మీదా, ప్యాకేజీ అమ్మిన స్టూడియో మీదా? అందరూ “ఏం కాదులే” అనే అంటున్నారు. వెంచర్ల బ్రోషర్లకి ఫోటోలు తీయించుకుని ఆరేసి నెలలు తిప్పే రియల్ ఎస్టేట్ వాళ్ల దగ్గర డబ్బు రాబట్టడానికి చట్టం ఉందనీ, ప్రభుత్వ ‘ఉద్యమ్’ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకి గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలనీ, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ అనీ ఎంతమంది ఫోటోగ్రాఫర్లకి తెలుసు? నేను అడిగిన వాళ్లలో ఎక్కువమంది ఆ నమోదు లోన్ కోసం చేయించుకున్నారు, ఆ తర్వాత మర్చిపోయారు.

ఇంత చెప్పానని ఇప్పుడున్న శిక్షణలన్నిటికీ వకాల్తా పుచ్చుకుంటున్నానని అనుకోకండి. రెండు రోజుల వర్క్‌షాప్ అనే తంతు చూడండి. స్టార్ హోటల్లో హాలు, ఒక మోడల్, ఒక కెమెరా కంపెనీ బ్యానర్. గురువుగారు లైట్లు అమరుస్తారు, నలభైమంది వరసగా వచ్చి అదే ఫ్రేము కొట్టుకుని ఇన్‌స్టాలో పెట్టుకుంటారు, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుంటారు. సోమవారం నాడు తమ లైటు తాము పెట్టుకోవడం ఒక్కరికీ రాదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుందన్న సూత్రం కూడా నేర్పకుండా పంపించే శిక్షణకి డబ్బు కట్టడం కన్నా ఊరికే కూర్చోవడం మేలు. రెండో వైపు డిగ్రీ కోర్సులున్నాయి. హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఎఎఫ్ఎయూ)లో బీఎఫ్ఏ ఫోటోగ్రఫీ ఉంది, ఎన్ఐడీ గాంధీనగర్ ప్రాంగణంలో ఫోటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉంది, ఊటీ దగ్గర లవ్‌డేల్‌లో లైట్ అండ్ లైఫ్ అకాడమీ ఉంది. చదువుకోగలిగిన వాళ్లకి అవి మంచి చోట్లు. పాలకొల్లులో, జగిత్యాలలో, మార్కాపురంలో ఇప్పటికే పెళ్లిళ్లు తీస్తున్న వాడు మాత్రం షాపుకి తాళం వేసి నాలుగేళ్లు వెళ్లి కూర్చోలేడు. ఐటీఐ ట్రేడుల్లో ఏడాదిపాటు సాగే డిజిటల్ ఫోటోగ్రాఫర్ కోర్సు ఒకటుంది. దాన్ని జిల్లాల్లో నిజంగా నడిపించి, సగం సమయం ధర కట్టడం, ఒప్పందం, పన్ను, ఫైళ్ల భద్రత మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక్కడ కళాభిమానులు అభ్యంతరం చెప్తారు. జీఎస్టీ నేర్పితే కవిత్వం చచ్చిపోతుందని వాళ్ల దిగులు. రిచర్డ్ అవెడన్, ఇర్వింగ్ పెన్ ఇద్దరూ అలెక్సీ బ్రోడోవిచ్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన ఒక ఫ్యాషన్ పత్రికకి ఆర్ట్ డైరెక్టర్. డెడ్‌లైను, పేజీ, ప్రకటనదారు, ఇవన్నీ తెలిసిన గురువు. శిష్యులిద్దరూ బతికినంతకాలం ప్రకటనలకీ పత్రికలకీ పనిచేస్తూనే గొప్ప పోర్ట్రెయిట్లు తీశారు. నాకు తెలిసినంతలో కవిత్వాన్ని చంపేది ఈఎంఐ తేదీ. నెలాఖరుకి కిస్తీ గుర్తొచ్చే ఫోటోగ్రాఫర్ ఏ పెళ్లినీ కాదనలేడు, ఒకే రోజు రెండు ముహూర్తాలు ఒప్పుకుంటాడు, అప్పగింతల్లో తల్లి ముఖం మీద మనసు నిలపడానికి వాడికి తీరికేది? ధర తెలిసినవాడికే “ఈ పని నేను చేయను” అనే స్వేచ్ఛ దొరుకుతుంది.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక ఈ వృత్తే ఉండదు, శిక్షణ ఎందుకని కొత్తగా వినిపిస్తున్న వాదానికి ఎక్కువ చోటివ్వను. తోలుబొమ్మలాంటి నున్నటి ముఖాల్ని అది చేసిపెడుతుంది. తాతగారు తలంబ్రాల వేళ కళ్లు తుడుచుకున్నది అది చూడలేదు, ఎందుకంటే అది అక్కడ లేదు. కాకపోతే క్యాటలాగు ఫోటోల మీద బతికేవాళ్లకి దెబ్బ నిజం. దానికి మందు కూడా ఏ పని వదులుకోవాలో, ఏ పనికి ధర పెంచాలో తెలియడమే.

మిగిలింది ఒకే ఒక్క అభ్యంతరం, అందరికన్నా మన మనస్తత్వానికి దగ్గరిది. “పెళ్లిళ్లు తెలిసినవాళ్ల ద్వారానే వస్తాయండీ. మేనమామ వరసాయన పిలిస్తే ఒప్పంద పత్రం తీసి సంతకం పెట్టమంటే ఏం బాగుంటుంది? మనుషుల మీద నమ్మకం లేదా అంటారు.” బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, ఎన్ని షీట్లు, ఎన్నిసార్లు మార్పులు, ముహూర్తం మారితే ఏమిటి, ఫోటోలు ఎక్కడ వాడుకోవచ్చు, ఫైళ్లు ఎన్నాళ్లు దాచాలి: ఒక పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. అంతే అడుగుతున్నది. అదే మేనమామ వరసాయన మూడు నెలల ముందు ఫంక్షన్ హాల్ బుక్ చేసుకున్నాడు. ఆ రసీదు వెనక రాసి ఉంది: కరెంటు పోతే డీజిల్ ఖర్చు పార్టీదే, గోడలకి మేకులు కొడితే జరిమానా, తేదీ మార్చుకుంటే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. ఆయన చదివాడో లేదో గానీ, కింద సంతకం పెట్టాడు. హాల్ యజమాని కూడా ఆయనకి బాబాయి వరసే.